పదును పడితే చేనులో, పడకపోతే రోడ్డు మీద

జులై 12, శుక్రవారం. మజిలీ: గుత్తి, మా ఇల్లు. ప్రయాణంలో తొమ్మిదో రోజు. గాలి: పడమర నుంచి, బలంగా. ఉన్నవారు: నేను, డ్రైవరన్న, రైతు, రైతు భార్య, నా భార్య. సైకిళ్లు మూడు. పంక్చర్లు లేవు.

ఆ రోజు డైరీలో మొదటి పంక్తులు ఇవి. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నాది ఇదే పద్ధతి. తేదీ, ఎక్కడున్నాను, గాలి ఎటు నుంచి, ఎవరెవరున్నారు. ఇవి రాశాకే మిగతా సంగతులు. జరిగింది మాత్రమే రాస్తాను, సిరాతో రాస్తాను, రాసింది కొట్టేయను. తప్పు రాసినట్టు తెలిస్తే మరునాటి పేజీలో సవరణ రాస్తాను గాని పాత పేజీని ముట్టుకోను. మా బీరువాలో నలభై ఒక్క డైరీలున్నాయి. వాటన్నిటిలో కొట్టివేత ఒక్కటే ఉంది. అది పైన చెప్పిన రోజుకు మరునాటి పేజీలో ఉంది. దాని సంగతి చెప్పాలంటే ముందు మా ముగ్గురి సంగతి చెప్పాలి.

నేను గుత్తి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆఫీసు ఆవరణలోని పాత్రలో వాన కొలిచి రిజిస్టరులో ఎక్కించడం చాలా ఏళ్లు నా పని. మా ప్రాంతంలో ఆ రిజిస్టరు నిండా సున్నాలే. రిటైరయ్యాక ఆ అలవాటు మానలేక మా మిద్దె మీద సొంతంగా ఒక వాన పాత్ర పెట్టుకున్నాను. సున్నా అయినా సరే, ఎనిమిదిన్నరకు చూసి రాస్తాను; నేను ఊళ్లో లేని రోజుల్లో నా భార్య చూస్తుంది.

డ్రైవరన్న మాలో పెద్దవాడు. ముప్పై రెండేళ్లు బస్సు నడిపాడు. ఇప్పటికీ సైకిలు మీద మలుపు వస్తే ఎదురుగా ఎవరూ లేకపోయినా గంట కొడతాడు. టీ అంగడి దగ్గర ఆగితే "బండి పది నిమిషాలు ఆగుతాది, దిగేవాళ్లు దిగండి" అని అరుస్తాడు.

మూడోవాడు రైతు. హైస్కూల్లో నేనూ అతనూ ఒకే బెంచీ. తాడిపత్రి రోడ్డులో గుత్తికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో రోడ్డు పక్కనే అతని ఊరు, ఊరి పక్కనే చేను. ఆరెకరాల మెట్ట, చెనిక్కాయ, అంటే వేరుశనగ పంట. నేను తాలూకా ఆఫీసులో చేరిన రోజు వెక్కిరింపుగా "సారూ" అని పిలిచాడు. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఇద్దరూ పేర్లు రాయొద్దన్నారు. "పేరు రాస్తే నువ్వు నిజం రాయలేవు సారూ" అన్నాడు రైతు. కనుక డైరీలో ఎలా ఉందో ఇక్కడా అలాగే రాస్తున్నాను.

ప్రయాణం ఆలోచన డ్రైవరన్నది. ఒకరోజు ఉదయం నడక అయ్యాక ఉగ్గాని, బజ్జీ తింటూ కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆయన, "ముప్పై రెండేండ్లు బళ్లారి దాకా పోవడం, బండి ఎనక్కి తిప్పుకొని రావడం. ఆ రోడ్డు ఆడితో అయిపోల్య గదప్పా? యాడిదాకా పోతాదో చూడాల" అన్నాడు.

నేను ఇంటికి వెళ్లి పటం తెచ్చాను. బళ్లారి దాటి హొస్పేట, కొప్పళ, గదగ్, హుబ్బళ్లి, యల్లాపూర్ మీదుగా పడమటికి పోతే కార్వార్ దగ్గర సముద్రం. ఇటు తూర్పుకి తాడిపత్రి, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు మీదుగా పోతే నెల్లూరు అవతల మళ్లీ సముద్రం. రైతు పటం మీదికి వంగి, బజ్జీ నూనె అంటిన వేలిని కాగితానికి తగలకుండా గాల్లో పెట్టి, "అంటే మన గుత్తి రెండు సముద్రాల నడుమ ఉండాదా?" అని అడిగాడు.

"ఉంది."

"అటూ ఇటూ ఇన్ని నీళ్లు పెట్టుకొని మనకొక చుక్క రాదు సూడు" అన్నాడు.

అతను అప్పటికి ఏ సముద్రమూ చూడలేదు. అరవై ఆరేళ్లు. తిరుపతికి పోయాడు, హైదరాబాదు పోయాడు, చెనిక్కాయల ధర కోసం ధర్నాకు ఢిల్లీ కూడా పోయాడు. సముద్రం మాత్రం దారిలో తగల్లేదు. ఆ ఉదయం అతను, "పోతే రెండూ చూడాల. ఒకటి చూసొచ్చి ఊరుకునేది కాదు" అన్నాడు. ప్రయాణమంతా మాకు పట్టుకున్నది ఆ మాటే.

ఎప్పుడు బయలుదేరాలన్నది నా బాధ్యత. ఆషాఢంలో మా పీఠభూమి మీద పడమటి గాలి ఎలా వీస్తుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరేసిన పంచె పక్క వీధిలో దొరుకుతుంది. ఆ గాలి వీపు మీద ఉంటే మా వయసువాళ్లు కూడా తొక్కగలరు. "నా మోకాళ్లకు గాలే ఇంజను" అని డ్రైవరన్న తేల్చేశాడు. కాబట్టి జులై నెల. కార్వార్ దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి తూర్పుకి తొక్కుకుంటూ రావాలి.

కానీ జులై విత్తే నెల. మెట్ట రైతుకు విత్తనం వేసేందుకు సరిపడా భూమి తడిస్తే దాన్ని పదును అంటాం. పదును పడ్డాక మూడు రోజులు గడువు. ఆ మూడు రోజుల్లో విత్తనం భూమిలో పడాలి. నాలుగో రోజుకు నేల ఆరిపోతుంది, ఆ ఏడాది అంతే. "జులైలో నేనెట్ల వస్తా సారూ" అన్నాడు రైతు.

నేను వారం రోజులు నా డైరీలు తిరగేశాను. ఏ ఏడాది ఏ తేదీన పదును పడిందో ఒక తెల్ల కాగితం మీద పట్టిక గీశాను. జూన్‌లో పడిన ఏళ్లున్నాయి, జులై చివర్లో పడినవి ఉన్నాయి. నడుమ జులై మొదటి మూడు వారాలు మాత్రం పట్టిక ఖాళీగా ఉంది. నలభై ఒక్క డైరీలలో ఒక్కసారి కూడా ఆ మూడు వారాల్లో పదును పడలేదు. ఆ ఏడాది జూన్ ఎండిపోయింది. కాబట్టి జులై నాలుగున బయలుదేరితే పద్దెనిమిది రోజుల్లో తిరిగి రావచ్చు. కాగితం రైతు ముందు పెట్టాను. అతను దాన్ని చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకొని, "నువ్వు రాసింది అబద్ధం కాదు. వస్తా" అన్నాడు.

కార్వార్‌లో మొదటి సముద్రం చూసినప్పుడు అతను చెప్పులు విడిచి, మోకాళ్ల దాకా దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకొని నోట్లో పోసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. "అంతా ఉప్పేనా?"

"అంతా ఉప్పే."

"ఆ చివర్లో గూడా?"

"నేను తోలిన రోడ్డు ఆడిదాకా పోదప్పా, నాకు తెల్దు" అన్నాడు డ్రైవరన్న.

తర్వాత మూడు రోజులు కనుమలెక్కాం. నేను అరవై ఏడేళ్లలో చూసిన వానంతా కలిపినా ఆ మూడు రోజుల వానకు సాటి రాదు. చెట్ల మీద వాన, రోడ్డు మీద వాన, కొండ మీది నుంచి రోడ్డు మీదికి దూకే వాన. ప్లాస్టిక్ కోట్లు తెచ్చుకున్నాం గాని ఎవరూ వేసుకోలేదు. యల్లాపూర్ దగ్గర ఒక టీ అంగడాయన లోపలికి రమ్మని కన్నడంలో కేకలేస్తుంటే మేం ముగ్గురం బయటే, గ్లాసుల్లో టీ పలచబడిపోతుండగా, నవ్వుతూ తడుస్తూ నిలబడ్డాం. ఆయన మమ్మల్ని ఏ ఊరని అడిగాడు. అనంతపురం జిల్లా అనగానే "ఓహో" అని ఇంకేమీ అడగలేదు.

రైతు మాత్రం మధ్యమధ్య సైకిలు ఆపి రోడ్డు పక్క కాలువలో పరిగెత్తే నీళ్లను చూసేవాడు.

"ఈ నీళ్లంతా యాడికి పోతాండాయి సారూ?"

"సముద్రానికి."

"మళ్లా సముద్రానికేనా!" అని నిజంగానే కోపం తెచ్చుకున్నాడు.

హుబ్బళ్లి దాటాక వాన వెనకబడింది, గాలి అందుకుంది. గదగ్ మైదానాల్లో గాలిమరల కింద రోజుకు అరవై కిలోమీటర్లు వచ్చాం. రైతుది పాలక్యాన్లు మోసిన పాత నల్ల సైకిలు. డ్రైవరన్నది గేర్లున్న కొత్త సైకిలు. ఆ గేర్లు మార్చినప్పుడల్లా ఆయన నోటితో కూడా చప్పుడు చేసేవాడు. అయినా ముందు నల్ల సైకిలే పోయేది. "ఓవర్‌లోడు బండి, ముందు దాన్నే పోనీ" అనేవాడు డ్రైవరన్న.

ఇలా తొమ్మిదో రోజు గుంతకల్లు దాటి గుత్తి వైపు వస్తున్నాం. సాయంత్రం నాలుగు. ఎదురుగా గుత్తి కోట కొండ కనిపించింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ కొండను చూస్తే ముగ్గురికీ కాళ్లలో బలం వచ్చింది. అప్పుడే వీపు మీద చల్లగా తగిలింది. తిరిగి చూశాను. పడమర అంతా నల్లగా ఉంది. కిందికి దిగిన మబ్బు, దాని ముందు ఎర్రటి దుమ్ము.

"తొక్కండప్పా, తొక్కండి!" అని డ్రైవరన్న అరిచాడు.

ఆ తొక్కుడు ఇప్పటికీ నాకు తొడల్లో ఉంది. వెనక మబ్బు తరుముతోంది, గాలి మమ్మల్ని ఎత్తి విసురుతోంది, ముగ్గురు ముసలివాళ్లం హ్యాండిళ్ల మీదికి వంగి చిన్నపిల్లల్లా కేకలు పెడుతున్నాం. ఊరికి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా మొదటి చినుకు నా చెవి మీద పడింది. ఆ తర్వాత చినుకులు విడివిడిగా లేవు.

వీధుల్లో జనం బయటికొచ్చి నిలబడ్డారు. ఆడవాళ్లు బిందెలు చూరు కింద పెడుతున్నారు. ఎవరో మమ్మల్ని చూసి, "వానను ఎంటబెట్టుకొచ్చినారే!" అని చప్పట్లు కొట్టారు. నేను రైతు ముఖం చూశాను. అతను నవ్వడం లేదు. అప్పుడు నాకు పట్టిక గుర్తొచ్చింది. నలభై ఒక్క డైరీల ఖాళీ గడిలో వాన పడుతోంది.

మా ముగ్గురిలో ఏ ఒక్కరమూ "పడనీ, ఇంకా పడనీ" అనలేదు. పుట్టి బుద్ధెరిగాక వాన పడుతుంటే ఆ మాట అనకపోవడం అదే మొదటిసారి.

ఇంట్లో రైతు భార్య మధ్యాహ్నమే వచ్చి కూర్చుంది. ప్రయాణంలో తూర్పు సగానికి అని జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి మూటగట్టి తెచ్చింది. మేం కారుతున్న బట్టలతో వసారాలో నిలబడగానే ఆమె మొగుణ్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏమయ్యా, సగమైనావు. సముద్రం తినేసిందా నిన్ను?"

"ఉప్పుగా ఉండాది" అన్నాడు రైతు.

"ఎవురు, నువ్వా సముద్రమా?"

నా భార్య తువ్వాళ్లు తెచ్చింది. టీ వచ్చింది. వాన చప్పుడుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. చివరికి అసలు సంగతి రైతు భార్యే ఎత్తింది.

"విత్తనం ఒలిచి పెట్టినా. ఆరు మూటలు. ట్రాక్టరోనికి చెప్పి పెట్టినా. పదును పడిందంటే ఊరంతా వాని మీద పడతారు, మొగోడు ఎదురుగా లేకుంటే వాడు మనకు నాలుగో దినం వస్తాడు. నాలుగో దినం వచ్చి ఏం చేస్తాడు, దుమ్ములో గీతలు గీస్తాడా?"

"నేనేమన్నా పోతానన్నానా?" అన్నాడు రైతు.

"అంటాండావా, లేదా?"

అతను తువ్వాలుతో మళ్లీ తల తుడుచుకున్నాడు. డ్రైవరన్న నడుమ కల్పించుకున్నాడు. "అమ్మా, మూడు దినాలే గదా. విత్తనమేసి బస్సెక్కి బద్వేలుకి రానీ. ఆడ మమ్మల్ని కలుస్తాడు."

"బస్సులో పోయి చూసేదయితే ఎప్పుడో చూసుందును గదన్నా" అన్నాడు రైతు. "ఆ సముద్రం నుంచి ఈ సముద్రం దాకా చక్రం తెగకుండా పోవాల. నడుమ తెగితే ఇంకేముండాది?"

"మేం మూడు రోజులు ఆగుతాం" అన్నాను నేను.

"ఆగితే మీ కాళ్లు మళ్లా లేస్తాయా?" అని అడిగాడు రైతు.

డ్రైవరన్న తన మోకాళ్లను ఒకసారి చూసుకొని, "నిజం చెప్తా. నా ఇంజను ఒకతూరి చల్లారితే మళ్లా స్టార్టు కాదు" అన్నాడు.

రైతు భార్య పెద్దగా నవ్వింది. తర్వాత మొగుడి వైపు తిరిగి కాస్త మెల్లగా, "ఒక సముద్రం చూసినావు గదయ్యా. రెండోది వేరే రంగుగా ఉంటాదా?" అంది.

"తెల్దు" అన్నాడు అతను. "అందుకే."

ఆరు గంటలకు వాన కాస్త నెమ్మదించింది. అతను లేచాడు. ఇంటికి పోయి చేను చూడాలి, మబ్బు అటువైపే కదులుతోంది. సైకిలు క్యారియరు మీది సంచీ విప్పి మా వసారాలో పెట్టాడు. "సంచీ ఎందుకు దించుతున్నావు?" అని అడిగాను.

"ఈమె యాడ కూర్చుంటాది మరి?" అన్నాడు.

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకొని క్యారియరు మీద పక్కగా కూర్చుంది. "కొండలెక్కినోనివి, ఎనిమిది కిలోమీటర్లు నన్ను మొయ్యలేవా" అంది. అతను ఒక కాలు నేల మీద పెట్టి మా ఇద్దరితో అన్న మాట డైరీలో అక్షరం మారకుండా ఉంది:

"రేపు పొద్దున మీరు నాకోసం ఆగొద్దండి. ఫోన్లు గీన్లు చేయొద్దండి, రాలేనని చెప్పేదానికి నాకు నోరు రాదు. ఎట్లయినా మీ దారి మా ఊరి మీదే గదా. పదును పడితే నేను చేనులో ఉంటా. పడకపోతే రోడ్డు మీద ఉంటా. సంచీ మాత్రం తీసుకురాండి."

సన్నటి తుంపరలో నల్ల సైకిలు వీధి మలుపు తిరిగింది. డ్రైవరన్న, "మలుపులో గంట కొట్టల్య" అన్నాడు.

మరునాడు, జులై 13, శనివారం. ఎనిమిదిన్నరకు చూడాల్సిన వాన పాత్రను అయిదున్నరకే చూశాను. ఇన్నేళ్లలో వేళ తప్పింది అదే మొదటిసారి. రాత్రి మా ఇంట్లోనే పడుకున్న డ్రైవరన్న బనియనుతో నా వెనకే మిద్దె ఎక్కాడు. గాజు గొట్టంలోకి నీళ్లు వంచి కంటికెదురుగా పట్టుకున్నాను.

"ఎంతప్పా?"

"ముప్పై ఒక్క మిల్లీమీటర్లు."

"అంటే?"

"పదునే. బ్రహ్మాండమైన పదును."

ఇద్దరం గాజు గొట్టాన్నే చూస్తూ నిలబడ్డాం. మా ఊళ్లో ఆ అంకె పలికితే వీధిలోకి పోయి చెప్పుకుంటారు. ఫోన్ చేయొద్దన్న మాట పక్కనబెట్టి డ్రైవరన్న రైతుకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. "చేనులోకి దిగినోనికి ఫోనెందుకు" అన్నాడు తనకు తానే.

కిందికి వచ్చి డైరీ తీశాను. తేదీ రాశాను. గాలి: పడమర. వాన: 31. ఉన్నవారు: నేను, డ్రైవరన్న. ఆ కింద ఇలా రాశాను: "రైతు రాలేదు. పదును పడింది. విత్తుతున్నాడు."

నా భార్య సంచీలో రొట్టెలు పెడుతూ తొంగిచూసింది. "మీరింకా గడప దాటలేదు. అప్పుడే రాలేదని రాసినారా?" అంది.

"అంకె చెబుతోంది కదా" అన్నాను.

రైతు సంచీని నా క్యారియరు మీద నా సంచీ పైన కట్టుకొని బయలుదేరాం. ఊరంతా కడిగినట్టు ఉంది. గుంతల్లో నీళ్లు. ట్రాక్టర్లు విత్తే గొర్రు తగిలించుకొని ఒకదాని వెనక ఒకటి పొలాల వైపు పరిగెడుతున్నాయి. వాటి మీద ఆడవాళ్లు, మగవాళ్లు, విత్తనం మూటలు, ఒకరినొకరు పిలుచుకోవడాలు. పండగ రోజు కూడా మా ఊరు ఇలా ఉండదు. మాకూ నవ్వొస్తోంది, మళ్లీ మూడో సైకిలు లేదని గుర్తొస్తోంది. డ్రైవరన్న రెండుసార్లు వెనక్కి తిరిగి "బండి ఫుల్లా?" అని అడగబోయి ఆగిపోయాడు.

ఊరు దాటి ఆరు కిలోమీటర్లు వచ్చాం. అక్కడ రోడ్డు కింద నీళ్లు పోయే చిన్న మోరీ ఉంది. మోరీ ఇవతల రోడ్డు నల్లగా తడిసి ఉంది. అవతల తెల్లగా ఉంది. అంతే. ఎవరో సుద్దతో గీత గీసి ఇక్కడిదాకా తడపండి అని చెప్పినట్టు ఉంది. మా చక్రాల తడి జాడలు పొడి రోడ్డు మీద కొన్ని గజాలు పడి, సన్నబడి, ఆగిపోయాయి. పక్క చేలల్లో ఎర్రమట్టి గాలికి లేస్తోంది.

నేను సైకిలు దిగాను. సిగ్గుతో ఒళ్లు వేడెక్కింది. నా రిజిస్టర్ల నిండా ఉన్నది ఇదే కదా. ఈ ఊళ్లో పడింది, పక్క ఊళ్లో పడలేదు. ఒకే ఊళ్లో చెరువు వైపు పడింది, గుడి వైపు పడలేదు. పైనుంచి తాఖీదులు వస్తే "గుత్తిలో పడిన వాన గుత్తిదే, పక్క గ్రామాలకు వర్తించదు" అని సొంత చేత్తో ఎన్నిసార్లు జవాబు రాశానో! అలాంటిది నా మిద్దె మీది గాజు గొట్టంలో చూసి, ఎనిమిది కిలోమీటర్ల అవతల రైతు విత్తుతున్నాడని సిరాతో రాసిపెట్టాను.

"ఎందుకప్పా దిగినావు?" అన్నాడు డ్రైవరన్న. తర్వాత ఆయనా చూశాడు. ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. "అంటే... రోడ్డు మీద..."

ఇద్దరం ఎక్కాం. చివరి రెండు కిలోమీటర్లు నిన్నటి మబ్బు ముందు తొక్కినట్టే తొక్కాం. ఊరి దగ్గర బస్సులు ఆగే చోట, రేకుల షెడ్డు ముందు, నల్ల సైకిలు. దాని పక్కన అతను. కొత్త చొక్కా వేసుకున్నాడు, తలకు తువ్వాలు చుట్టాడు. అతని భార్య షెడ్డు కింద అరుగు మీద కూర్చొని ఉంది.

డ్రైవరన్న దూరం నుంచే రెండు చేతులూ హ్యాండిలు మీంచి ఎత్తేసి "హోయ్!" అని కేకపెట్టాడు. దగ్గరికి వచ్చాక అతని ముఖం చూసి చేతులు దించేశాడు.

"ఏమప్పా, కేక ఆపినావు?" అన్నాడు రైతు. "అరుచుకో. నేను వస్తాండా గదా."

"ఒక చుక్క గూడా పడల్యా?"

"గాలొచ్చింది. మబ్బు మా నెత్తిమీదికొచ్చి నిలబడింది. ఈమె పళ్లెం గూడా బయట పెట్టింది. కరెంటు పోయింది, మబ్బు పోయింది." నా వైపు తిరిగాడు. "మీ ఊర్లో ఎంత సారూ?"

వాన ఎంతో చెప్పడానికి నేను ఎప్పుడూ తడుముకోలేదు. ఆ రోజు తడుముకున్నాను. "ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటి!" అని భార్య వైపు చూశాడు. "విన్యావా? మిద్దెలకు ముప్పై ఒకటంట. సిమెంటు రోడ్లకు ముప్పై ఒకటంట. ఏం విత్తుతారు సారూ, మీ వీధిలో?"

నేను అతని సంచీ విప్పి ఇవ్వబోయాను. అతను సంచీ తీసుకోలేదు. నా హ్యాండిలుకు వేలాడే చిన్న సంచీ వైపు చెయ్యి చాపాడు. అందులో డైరీ ఉంటుందని అతనికి తెలుసు. "నా గురించి ఏం రాసినావో చూపీ."

"ఇంకా రాయలేదు."

"నీకు అబద్ధం చెప్పేది రాదు. తియ్."

తీశాను. అతను పేజీ దూరంగా పట్టుకొని పైకే చదివాడు. "రైతు రాలేదు. పదును పడింది. విత్తుతున్నాడు." చదివి ఎంతగా నవ్వాడంటే సైకిలు పక్కకు ఒరిగిపోయింది, డ్రైవరన్న పట్టుకున్నాడు. "యాడ విత్తుతాండాను? ఈ బస్టాపులోనా?" అని భార్యకు చూపించాడు. ఆమె చదవలేదు గాని, అతని నవ్వు చూసి, "ఇంకేం, సారు రాసేసినాడు, నువ్వు ఇంటికి రా" అంది.

"కొట్టెయ్ సారూ" అన్నాడు అతను.

రేపటి పేజీలో సవరణ రాస్తానని చెప్పబోయాను. అతని కళ్లు చూశాక ఆ మాట రాలేదు. రాత్రి నిద్రపోని కళ్లు. సైకిలు సీటు మీద డైరీ పెట్టి, మూడు మాటల మీదా ఒకే గీత కొట్టాను. "ఉన్నవారు" దగ్గర అతన్ని చేర్చాను.

"మరి పదును పడితే?" అని ఆమెను అడిగాను. "మేం దారిలో ఉండగా పడితే?"

"ట్రాక్టరోనితో రాత్రే కొట్లాడి వచ్చినా సారూ. మొదటి దినం మాకే వస్తానని వాళ్లమ్మ ముందర ఒప్పుకున్నాడు" అంది ఆమె. "ఈయన ఇంట్లో ఉంటే మాత్రం ఏం చేస్తాడు? గట్టు మీద కూర్చొని పైకి చూస్తాడు. పైకి నేను చూస్తా. ఈయన పోయి ఆ రెండోది చూసి రానీ. రాత్రంతా వాన వాన అన్నాడు, తెల్లారేటప్పుడు మాత్రం కొత్త చొక్కా యాడుండాదని అడిగినాడు."

రైతు ఏదో పని ఉన్నట్టు సంచీ తాళ్లు బిగించాడు. తర్వాత నన్ను, "తడి యాడిదాకా ఉండాది?" అని అడిగాడు.

"మోరీ దాకా. రెండు కిలోమీటర్లు."

"రెండే కిలోమీటర్లా" అన్నాడు. పడమటి వైపు చూశాడు. కోట కొండ వెనక మళ్లీ మబ్బు కడుతోంది, నిన్నటంత నలుపు కాదు గాని మబ్బే. "రెండు కిలోమీటర్లు ముందుకు రాలేదా అది?"

"బండి కదుల్తాండాది, ఎక్కేవాళ్లు ఎక్కండి!" అని డ్రైవరన్న గంట కొట్టాడు.

ఎక్కాం. గాలి వీపు మీదికి వచ్చింది. ముందు నల్ల సైకిలు, తర్వాత గేర్ల సైకిలు, చివర నేను. తాడిపత్రి వైపు రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది అక్కడ, తొక్కకపోయినా పోతుంది. రైతు అర కిలోమీటరుకోసారి మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడు. ఎదురుగా బండల లారీలు వస్తున్నాయి.

"ముందర చూసి తొక్కప్పా!" అని అరిచాడు డ్రైవరన్న. "సముద్రం ముందర ఉండాది!"

"వాన ఎనక ఉండాదన్నా!" అన్నాడు రైతు, మళ్లీ తిరిగి చూస్తూ.